గెడ్డ మీద సంతకం

ఏప్రిల్ 4

సర్పంచ్‌నై నెల దాటింది. పొద్దున్న పళ్ళు తోముకుంటుంటేనే గుమ్మంలో ముగ్గురు. ఒకరికి పింఛను ఆగిపోయింది. ఒకరికి ఇంటి స్థలం కావాలి. మూడో ఆవిడ మొగుడు తాగొచ్చి కొడుతున్నాడట, నేను వెళ్ళి నాలుగు తగిలించాలట.

"వంద కేజీలు ఎత్తినదానివి. ఆడొక లెక్కేటి నీకు?" అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. వెళ్ళాను. చేతులు కట్టుకునే మాట్లాడాను, అయినా వాడు నా భుజాలు చూస్తూనే సమాధానం చెప్పాడు.

ఈ ఊళ్ళో ఎవరు ఏది అడిగినా ఆ వంద కేజీల దగ్గరే మొదలుపెడతారు. జాతీయ పోటీల్లో నాకు బంగారం తెచ్చిన బరువు అంతకంటే కొంచెం ఎక్కువే. చెప్పను. చెబితే ఇంకో కోరిక కలుపుతారు.

రైల్వే ఉద్యోగం వదిలి ఎన్నికల్లో నిలబడినందుకు అమ్మ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. "విజయనగరం స్టేషన్లో ఫ్యాను కింద కూకునే దానివి" అని గోడకు చెబుతుంది. గోడ వింటుంది, నేనూ వింటాను.

నాకు విచారం లేదు.

ఏప్రిల్ 7

నేను నేర్పే వెయిట్‌లిఫ్టింగ్ ప్రాక్టీసుకు హేమ మళ్ళీ రాలేదు. మా రేగలవలసలో ఇప్పుడు వెయిట్స్ ఎత్తే పిల్లల్లో దాని అంత వేగంగా, ఎత్తుతూనే రాడ్డు కిందకు దూరే పిల్ల లేదు. ఆ వయసులో నేను కూడా అంత వేగంగా దూరలేదు. ఇంటికి వెళితే లేదు. కొండ కింద పారే గెడ్డ వాగుకు నీళ్ళకు వెళ్ళిందట. ఎండలకు బోర్లు ఎండిపోయాయి, ఊరంతా ఆ గెడ్డ మీదే బతుకుతోంది.

తిరిగి వస్తూ దారిలో కనబడింది, నెత్తి మీద బిందె, చంకలో బిందె.

"ఏటి సెయ్యనక్కా? అమ్మ కూలికెల్లిపోనాది. నాను రాకపోతే ఇంట్లో నీల్లుండవు."

ఒక బిందె నేను అందుకున్నాను. ప్రచారంలో మైకు పట్టుకుని "ఈ వేసవి దాటేలోగా వీధి వీధికీ కుళాయి" అన్నది నేనే. అలా అనమని ఎవరూ చెప్పలేదు. చప్పట్లు బాగా కొట్టారు.

సాయంత్రం పేపరు విలేకరి వచ్చాడు. చిన్నప్పుడు గెడ్డ నుంచి బిందెలు మోసీ మోసీ నాకు ఆ బలం వచ్చిందని రాస్తాడట. నేను నోరు తెరిచేలోగా అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"అదొక్క బిందె మొయ్యలేదు బావూ. దాని వంతు కూడా నాను మోసినాను. అది పేక్టీసుకి ఎల్లేది."

విలేకరి రాసుకోలేదు. అతనికి ఆ కథ పనికిరాదు.

కానీ నిజం అదే. నేను గెలిచింది నీళ్ళు మోసినందుకు కాదు. మోయనక్కర లేకుండా అమ్మ చూసినందుకు.

ఏప్రిల్ 12

రేపు కొత్త ఎమ్మెల్యే మా ఊరు వస్తున్నాడు. నాకంటే రెండేళ్ళు పెద్దవాడేమో. నారాయణమూర్తి మావయ్య పొద్దున్నే కబురు పెట్టి చెప్పాడు, స్టేజీ మీద నేను వెయిట్స్ ఎత్తాలని.

"మావయ్యా, ఎత్తడం మానేసి ఆరేళ్ళయింది. భుజం..."

"ఒలమ్మీ, పెద్ద బరువొద్దులే. జనం సూడాల, ఆయన సూడాల. అప్పుడు మనమేటడిగినా కాదనడు."

ఆయన మాటకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. నాన్న పనిచేసే జూట్ మిల్లు మూతపడి, నాన్న కూడా పోయి, ఇంట్లో గంటి అంబలి తప్ప మరేమీ లేని రోజుల్లో, ప్రాక్టీసు కాగానే నన్ను తన అరుగు మీద కూర్చోబెట్టి గుడ్లూ పాలూ పెట్టించింది ఆయనే. ఖాళీగా ఉన్న ధాన్యం గోదాం మా వెయిట్లకు ఇచ్చిందీ ఆయనే. ఆడవాళ్ళకు రిజర్వయిన సీటుకు నన్ను నిలబెట్టిందీ ఆయనే. ఆయన నాకు కావలసినవాడు. ఊరి మంచి కోరేవాడు.

ఎమ్మెల్యేని నీళ్ళ గురించి అడుగుతాను. మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను.

ఏప్రిల్ 13

ఎత్తాను. ఈలలు వేశారు. ఎమ్మెల్యే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, నా పక్కన నిలబడి చెయ్యి మడిచి కండ చూపిస్తూ సెల్ఫీ తీసుకున్నాడు. "మీలాంటి వాళ్ళే మా బలం" అన్నాడు. ఆయన మీదా ఆశలు పెట్టుకుని ఎంతమంది వచ్చారో. కాగితాలు పట్టుకుని కారు వెంట పరిగెత్తారు. అద్దం దించి అందరి కాగితాలూ తీసుకున్నాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు.

అంతా చాలా బాగా జరిగింది.

ఏప్రిల్ 14

భుజం బాగానే ఉంది.

ఏప్రిల్ 15

గెడ్డ దగ్గర ఆడవాళ్ళు ఆపారు. హేమ వాళ్ళమ్మ ధనలక్ష్మి అడిగింది. "అంత దగ్గర కూకున్నావు కదా ఆయన పక్కన. నీల్ల సంగతి అడిగినావేటి?"

కారు హడావుడిలో కుదరలేదని చెప్పాను.

"రాడ్డెత్తడానికి కుదిరినాది" అంది. కోపంగా కూడా అనలేదు. బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 24

నారాయణమూర్తి మావయ్య ఇంటికి పిలిచాడు. ఆయన కొడుకు ధర్మేంద్ర, తెల్ల చొక్కా వేసుకున్న కొత్త మనిషి ఒకాయన ఉన్నారు. కొత్తాయనది గ్రానైటు క్వారీ. మన కొండ కావాలట. పంచాయతీకి అభ్యంతరం లేదని గ్రామసభలో తీర్మానం చేసి నేను సంతకం పెడితే చాలు. బదులుగా క్వారీ వాళ్ళే సొంత ఖర్చుతో గెడ్డ నుంచి ఊళ్ళోకి పైపులేస్తారు. ప్రతి వీధికీ కుళాయి. నలభై రోజుల్లో.

"నువ్విచ్చిన మాట నిలబడతాది. పిల్లలకి పనులొస్తాయి. నాకేటి వస్తాది సెప్పు ఇందులో?" అన్నాడు మావయ్య.

రాయి మోసే లారీల కాంట్రాక్టు ధర్మేంద్రదని ఇంటికి వచ్చాక బావ చెప్పాడు. బావ, అంటే మా ఆయన గిరిబాబు, సాలూరు యజమాని దగ్గర లారీ నడుపుతాడు. వాళ్ళ లోకంలో ఏ కబురూ దాగదు.

అయితే ఏం? ఎవరికో లాభం లేకుండా ఏ పనీ జరగదు. నీళ్ళు వస్తాయా రావా, అదొక్కటే నాకు కావలసింది.

ఏప్రిల్ 26

మండలాఫీసుకు వెళ్ళాను. నీటి పథకం గురించి అడిగితే నిధులు రావాలన్నారు. ఎప్పుడొస్తాయంటే పైకి చూశారు. నేనూ చూశాను. ఫ్యాను ఉంది.

ఏప్రిల్ 30

సంతకం పెడతాను. నిర్ణయం అయిపోయింది. కొండ అక్కడ ఊరికే పడి ఉంది. దాన్ని ఎవరు తింటారు, ఎవరు తాగుతారు?

మావయ్యకు ఫోను చేసి చెప్పాను. "నాకు తెలుసు, నువ్వు నా మాట కాదనవు" అన్నాడు. గొంతు నిండా సంతోషం. నాకు జాతీయ పతకం వచ్చిన రోజు కూడా అదే గొంతుతో మాట్లాడాడు.

మే 3

బావ లారీ రాయికి వెళుతుంటే ఎక్కాను. సాలూరు దారిలో ఆ తెల్ల చొక్కా మనిషిదే ఇంకో క్వారీ, లారీ వెళ్ళేది దానికే, దాని కింద ఊరు ఉంది. పైపులు ఎలా వేశాడో ఒకసారి చూసి వస్తే సభలో జనానికి ధైర్యంగా చెప్పొచ్చని వెళ్ళాను.

పైపులు ఉన్నాయి. ప్రతి వీధిలో కుళాయి ఉంది, దిమ్మ కట్టి, దిమ్మ మీద క్వారీ పేరు రాసి. ఒక దిమ్మ మీద కోడి పడుకుని ఉంది. ఒక పైపు మీద చీర ఆరేసి ఉంది. చీర ఆరేసిన ఆవిడ పేరు తాయారు. నన్ను గుర్తుపట్టింది, టీవీలో చూసిందట.

"నీల్లు రావా పిన్నీ?" అని అడిగాను.

"వొచ్చినాయమ్మా. ఓ ఏడాది బాగానే వొచ్చినాయి. కొండ పేల్సీసరికి ఊట ఎటో ఎలిపోనాది. గెడ్డే లేదు, పైపు ఏటి సేస్తాది?"

గెడ్డ చూపించమన్నాను. తీసుకువెళ్ళింది. తెల్లటి రాతిపొడి, మధ్యలో పెద్ద పెద్ద గుండ్లు. గెడ్డ అని చెబితే తప్ప తెలియదు. మా హేమ ఈడు పిల్ల ఒకతి ట్యాంకరు దగ్గర వరసలో నిలబడి దగ్గుతోంది.

"మా సర్పంచికి మేవేటీ అనలేదమ్మా. కుళాయి తెత్తానన్నాడు, తెచ్చినాడు" అంది తాయారు.

తిరుగు దారిలో లారీ వెనక రాయి ఉంది.

మే 4

మావయ్య ఇంటికి వెళ్ళి చెప్పాను. సంతకం పెట్టను.

మొదట నవ్వాడు. తర్వాత అత్తను పిలిచి నాకు మజ్జిగ ఇమ్మన్నాడు. మజ్జిగ వచ్చేలోగా ఆయన ముఖం మారిపోయింది.

"మాటిచ్చినావు."

"ఇచ్చినాను. ఆ ఊరు సూసి వొచ్చినాను మావయ్యా. మీరూ ఒక్కసారి రండి, మా బావ లారీలో తీసుకెల్తాను."

"నాకు నువ్వు సూపిస్తావా ఊర్లు?"

సభ జరిగి తీరుతుందట. జనం ముందు నిలబడి కుళాయి వద్దని నన్నే చెప్పమన్నాడు. చెబుతానన్నాను. మజ్జిగ తాగే వచ్చాను. అత్త చేతిలో గ్లాసు వదిలి రాబుద్ధి కాలేదు.

నాకు భయం లేదు.

మే 6

గోదాముకు తాళం. వెయిట్లన్నీ గుమ్మం బయట, ఎండలో. రాడ్డు పట్టుకుంటే చెయ్యి కాలింది.

పిల్లలు నా ముఖం చూస్తున్నారు. గోనెపట్టాలు తడిపి కప్పమన్నాను. సాయంత్రం చల్లబడ్డాక పంచాయతీ ఆఫీసు ముందు ఖాళీ స్థలానికి మోశాం. నేల గట్టిగానే ఉంది. మూలనున్న పాత తలుపు చెక్కలు పరిచాం. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. హేమ వాళ్ళను పట్టించుకోకుండా స్నాచ్, అంటే రాడ్డును ఒక్క ఊపులో తల పైకి ఎత్తడం, మొదలుపెట్టింది. మొదటిది పడేసింది. రెండోది నిలబెట్టింది.

గోదాం ఆయనది, తాళం ఆయనది. పిల్లలు ఆయనవాళ్ళు కారు.

మే 10

బావ పని పోయింది. సాలూరు యజమానికి ఎవరో ఫోను చేశారట. నేను ఏడుస్తానని ముందే నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఒసే, సాలూర్లో లారీలకేటి కరువు? ఇంకోటి దొరుకుతాది. గెడ్డ దొరకదు కదా."

ఏడవలేదు. కొంచెం తర్వాత, అన్నం వండుతూ, పొగకు.

ఊళ్ళో ముఖం తిప్పుకునేవాళ్ళు పెరిగారు. "నీల్లిస్తానంటే కాదంటంది. దానికి మదం" అని వినబడింది. నాకు వినబడాలనే అన్నారు.

మే 17

గ్రామసభ. ఇది సరిగ్గా రాసుకోవాలి.

స్కూలు ఆవరణ నిండిపోయింది. సెక్రటరీ హరిబాబు తీర్మానం చదివాడు. నారాయణమూర్తి మావయ్య లేచి కుళాయిల గురించి, పనుల గురించి చెప్పాడు. బాగా మాట్లాడతాడు. చప్పట్లు మోగాయి. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇదెవులో మీకు తెలుసు. మా ఇంటి గుడ్లు తిని, మా ఇంటి పాలు తాగి పెరిగినాది. ఈ పొద్దు నాకే ఎదురు సెప్తంది. సెప్పమనండి, ఇంటాం."

లేచాను. పోటీల్లో మొదటి అడుగు వేసేటప్పుడు భయం వేసేది. రాడ్డు పట్టుకున్నాక పోయేది. ఇక్కడ పట్టుకోవడానికి మైకు తప్ప ఏమీ లేదు.

"తిన్నాను మావయ్యా. మీరు పెట్టకపోతే నాను లేను. ఎక్కడడిగినా ఈ మాటే సెప్తాను. కానీ గుడ్డు పెట్టిన నాడు మీరు కొండ అడగలేదు. అడిగుంటే నాను ఆకలితోనే ఎత్తీదాన్ని."

ఆయన కూర్చున్నాడు. నేను జనం వైపు తిరిగి తాయారు ఊళ్ళో చూసింది చూసినట్టు చెప్పాను. కుళాయి దిమ్మ మీద కోడి సంగతి చెబితే కొందరు నవ్వారు. గెడ్డ సంగతి చెప్పాక నవ్వలేదు.

ధర్మేంద్ర లేచాడు. "క్వారీ వద్దంటే వద్దు. మరి నీల్లు ఎప్పుడిస్తావు? పనులు నువ్వు తెస్తావా?"

"పనులు తేలేను. తెస్తానని సెప్పను. నీల్లు ఈ యేసవికి రావు. ఇస్తానని నాను అన్నాను, నా సేతిలో లేని మాట అన్నాను. ఇంక అలాటి మాట అనను. తిరుగుతాను. మీరు నాతో రావాల. నా ఒక్కదాని వల్లా అవదు."

అరుపులు లేచాయి. "అయితే నిన్నెందుకు గెలిపించినాం?" అని వెనక నుంచి ఎవరో. న్యాయమైన ప్రశ్నే. అంతలో ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ లేచింది. నెలల తరబడి నాతో సరిగ్గా మాట్లాడని మా అమ్మ జగ్గమ్మ, సభలో ఎప్పుడూ నోరు విప్పని మనిషి.

"నారాయణమూర్తి బావు గుడ్లు పెట్టినాడు. నిజవే, నాను కాదన్ను. ఆ గెడ్డలో నీల్లు నాను మోసినాను. దీని ఒంట్లో ఆయన వాటా ఉంటే నా వాటా కూడా ఉన్నాది. నా వాటా సంతకం పెట్టొద్దంటంది."

అని చెయ్యి పైకెత్తింది. ఆ పక్కన ధనలక్ష్మి ఎత్తింది. తర్వాత నేను ఎవరినీ విడివిడిగా చూడలేదు, కళ్ళు నిండిపోయాయి. ఆడవాళ్ళ వైపు చేతులే చేతులు. మగవాళ్ళ వైపు తక్కువ, కానీ ఉన్నాయి.

తీర్మానం వీగిపోయిందని హరిబాబు రాశాడు. మావయ్య నా పక్క నుంచే నడిచి వెళ్ళాడు, చూడలేదు.

ఇంటికి వచ్చాక అమ్మ నాతో అన్న మొదటి మాట: "రైల్వే ఉజ్జోగం వొదలడం మాత్రం తప్పే."

మే 18

భుజం నొప్పి. ఏప్రిల్ 13 నుంచీ నొప్పే.

మే 29

వార్డు మెంబర్లు సమావేశానికి రాలేదు. పంచాయతీ డబ్బుకు సంతకం పెట్టే నా చెక్ పవర్ తీసేయాలని పైకి అర్జీ పెట్టారట. పెట్టుకోనీ.

జూన్ 8, సోమవారం

విజయనగరం కలెక్టరాఫీసులో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఆడవాళ్ళం ఖాళీ బిందెలు పట్టుకుని బస్సెక్కాం. కండక్టరు బిందెలకు లగేజీ టికెట్టు కొట్టాలన్నాడు. "ఖాళీ బిందెకేటి టికెట్టు? నిండినాక కొట్టు" అంది ధనలక్ష్మి. బస్సంతా నవ్వింది. కొట్టలేదు.

లోపలికి బిందెలతో వెళ్ళనివ్వలేదు. అయితే ఇక్కడే కూర్చుంటామన్నాం. కూర్చున్నాం. నీటి పథకాలు చూసే ఇంజనీరే బయటికి వచ్చాడు. గెడ్డ నుంచి ఊళ్ళోకి ప్రభుత్వమే పైపులు వేయాలన్న మా కాగితం తీసుకుని చూస్తానన్నాడు. వచ్చే సోమవారం మళ్ళీ వస్తామని చెప్పాను. బెదిరిస్తున్నారా అని అడిగాడు. కాదు, చెప్పి వెళుతున్నామన్నాను.

జూన్ 15, సోమవారం

వెళ్ళాం.

జూన్ 22, సోమవారం

వెళ్ళాం. ఎమ్మెల్యే కారు గేటులో ఎదురైంది. అద్దం దించి నన్ను గుర్తుపట్టి, చెయ్యి మడిచి కండ చూపించాడు. ఈసారి నేను నవ్వలేదు. మా గెడ్డ కాగితం ఆయన చేతిలో పెట్టి, చదివేదాకా కారు ముందు నుంచి కదలలేదు. వెనక హారన్లు మోగాయి. చదివాడు. ఇంజనీరుకు అక్కడి నుంచే ఫోను చేశాడు. అది మా కోసమో, హారన్ల కోసమో తెలియదు. ఏదైతేనేం.

జూన్ 30

సర్వే వాళ్ళు వచ్చారు. గెడ్డ పైదాకా ఎక్కి ఊట చూశారు, కొలిచారు. ట్యాంకుకు స్థలం అడిగితే పంచాయతీ ఆఫీసు పక్కది చూపించాను. మంజూరు ఇంకా కాలేదు. అవుతుందని ఊళ్ళో ఎవరితోనూ అనలేదు. కొలిచారని మాత్రం చెప్పాను.

జూలై 5

సెలక్షన్స్‌లో హేమ ఎంపికైంది. మూడో ప్రయత్నంలో, నేను కళ్ళు మూసుకున్న క్షణంలో, ఎత్తి నిలబెట్టేసింది. రాష్ట్ర స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువు, తిండి. ధనలక్ష్మి నన్ను పట్టుకుని ఏడ్చింది. "అదెలిపోతే నీల్లెవులు తెస్తారు" అని ఏడుస్తూనే నవ్వింది.

జూలై 12, ఆదివారం

హాస్టలు నుంచి హేమ ఫోను చేసింది. తిండి గురించి, కోచ్ గురించి చెప్పి, గొంతు తగ్గించి అంది, "అక్కా, ఇక్కడ కుళాయి తిప్పితే వస్తన్నాయి. ఎంతసేపు తిప్పినా వస్తన్నాయి."

నాకూ అంతే. మొదటిసారి నేను కుళాయి తిప్పింది స్పోర్ట్స్ హాస్టల్లోనే. ఆ సంగతి ఎప్పుడూ గర్వంగా చెప్పుకునేదాన్ని. ఇవాళ ఫోను పెట్టేశాక ఒళ్ళు మండిపోయింది. నీళ్ళు తాగాలంటే ఒక పిల్ల రాష్ట్రంలోకెల్లా బలమైనది కావాలా? బలం లేని పిల్లలు ఏం చేయాలి?

ఇప్పుడు పొద్దున్నే గుమ్మంలోకి వచ్చి "వంద కేజీలు ఎత్తినదానివి" అని మొదలుపెట్టేవాళ్ళకు ఒకటే చెబుతున్నాను, సోమవారం నాతో రండి అని. కొందరు తిట్టుకుంటూ వెళ్ళిపోతున్నారు. కొందరు వస్తున్నారు.

తాయారు కబురు పెట్టింది. రేపు ఆ ఊరి వాళ్ళూ వస్తారట, ఎండిపోయిన కుళాయిల గురించి అడగడానికి. అంతమందికి బస్సు చాలదు. బావకు ఇంకో యజమాని దగ్గర పని దొరికింది. లారీ అడిగాను.

"మీటింగులకి జనాన్ని తోలినట్టు తోలమంటావేటి నన్ను?" అన్నాడు.

"అప్పుడు పార్టీలోల్లు ఎక్కమంటే ఎక్కినాం. రేపు మనంతట మనమే ఎక్కుతన్నాం."

తల గోక్కుని, డీజిలు కొట్టించడానికి వెళ్ళాడు.